సున్నా గడి

పాత క్యాలెండరు తిరగేసి
దాని వీపు మీద ఊరు గీసింది చెంగాలమ్మ.
అడ్డంగా బకింగ్‌హామ్ కాలువ,
నిలువుగా సిమెంటు రోడ్డు,
రోడ్డు తెగిపోయిన చోట సముద్రం.
వలలు ఆరేసే దిబ్బ మర్చిపోయి, మళ్ళీ గుర్తొచ్చి
ఒక మూలన ఇరికించింది.

నేను అల్లూరు ఆస్పత్రి నుంచి వచ్చినవాణ్ణి.
సంచి నిండా ఓఆర్ఎస్ పొట్లాలు,
తల నిండా పరీక్షకి చదివిన పుస్తకం.
మంచాన పడ్డవాళ్ళని చూపించమన్నాను.
"చూద్దువులే అబ్బయ్యా,
ముందు పడనోళ్ళని లెక్కేసుకుందాం రా" అంది.

ఆశా సంచిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది.
వాంతులూ విరేచనాలూ పట్టిన ఇంటికి ఎర్రబిళ్ళ,
పట్టని ఇంటికి పచ్చబిళ్ళ.
పచ్చవి చాలకపోతే
పసుపు తడిపి వేలితో అద్దింది.

ఊరంతా ఒకటే మాట,
పెళ్ళిలో వడ్డించిన ఎండ్రకాయల పులుసే అని.
వండినామె తలుపేసుకుని ఏడుస్తోంది.
చెంగాలమ్మ గడప గడపకీ వెళ్ళి అడిగింది:
తిన్నోళ్ళు ఎందరు?
తిన్నోళ్ళలో పడిందెందరు?
తినకుండా పడిందెందరు?
పుస్తకంలో దానికో పెద్ద పేరుంది.
ఆమె నోట్లో అది
పప్పు ఉడికిందా అని అడిగినంత మామూలు.

పులుసు ముట్టని ఇళ్ళలోనూ ఎర్రబిళ్ళలే.

సాయంత్రానికి
రొయ్యల గుంట గట్టు మీదుగా వచ్చే పైపు వెంబడి
చీమల బారులా తేలాయి ఎర్రచుక్కలు.
ఆ బారు నడిమధ్యన
ఒక్కటంటే ఒక్క పచ్చబిళ్ళ.
కావేరమ్మ ఇల్లు.

"నీకెందుకు రాలా మే?"
బాగున్నందుకు సంజాయిషీ
ఇంతకాలం ఎవరూ అడగలేదు కావేరమ్మని.
తడబడింది.
"కొళాయి నీళ్ళు కాచకుండా నోట పెట్టనమ్మా,
పోయినేడు నుంచీ.
కోడలు చాదస్తం అంటాది."
పోయినేడు ఏం జరిగిందో చెంగాలమ్మ అడగలేదు.
రిజిస్టర్లో ఆ పేరు రాసింది తనే.
పదకొండు నెలలు. ఆడ.

టార్చిలైటు పట్టుకుని తవ్వించాం.
మురుగులో మునిగిన పైపు అతుకు,
దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క.
ఎవరో మంచికే కట్టినట్టున్నారు.

వాల్వు కట్టించాం. ట్యాంకు కడిగించాం. బ్లీచింగ్ కలిపాం.
"నీళ్ళు తాగినట్టు లేదు,
ఆస్పత్రిని తాగినట్టుంది" అని తిట్టారు.
మూడోనాడు కొత్తగా ఇద్దరు.
అయిదోనాడు ఒక్కరు.
ఆ తర్వాత ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోవడం ఎలా ఉంటుందో
అప్పటిదాకా నేను చూడలేదు.
పడవ కింద నీడలో ఒకాయన వల అల్లుతున్నాడు.
ఎవరి పిల్లో అరుగు మీద పుల్లైసు చీకుతోంది,
ఎరుపు మోచేతిదాకా కారుతోంది.
ఆ పిల్లకి ఏమీ కాలేదు.
కాలేదని దానికి తెలియదు,
వాళ్ళమ్మకి తెలియదు,
దండం పెట్టడానికి ఏ దేవుడి పేరూ లేదు.

సెలైను ఎక్కించిన డాక్టరుగారికి
వంజరం చేప పంపారు, ఐసులో పెట్టి.
చెంగాలమ్మకి పంపింది
గుంట పూడ్చినందుకు మూడొందల కూలీ లెక్క.
"ఏమీ కాలా గదమ్మా,
దీనికా ఇంత హడావుడి?" అన్నాడు ప్రెసిడెంటు.
ఆమె నవ్వింది. కొంగు ముడి విప్పి ఇచ్చింది.

శనివారం ఫారం నింపాలి.
కొత్త కేసులు అన్న గడిలో
సున్నా చుట్టాను.
చెంగాలమ్మ కళ్ళద్దాలు పైకి జరిపి చూసింది.
"ఆరులాగుండాది అబ్బయ్యా.
తోక కొట్టెయ్.
అల్లూరులో ఆరనుకుంటారు."